శిక్ష పడలేదంటే కేసు అబద్ధమనేనా?

భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని శిక్షించే 498ఏ సెక్షన్ పేరెత్తితే చాలు, ‘దుర్వినియోగం’ అనే మాట వెన్నంటి వస్తుంది. కోర్టు వరండాల్లో, టీవీ చర్చల్లో, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునే ఇళ్ళల్లో కూడా ఇప్పుడిది రుజువు అక్కర్లేని సత్యమైపోయింది. ఆడవాళ్ళు అబద్ధపు కేసులు పెడుతున్నారట. ముసలి అత్తమామల్నీ, ఎక్కడో కాపురం చేసుకుంటున్న ఆడపడుచుల్నీ స్టేషన్ మెట్లెక్కిస్తున్నారట. చివరికి డబ్బు పుచ్చుకుని రాజీ పడుతున్నారట. ఆధారం అడిగితే ఒక అంకె చూపిస్తారు. ఈ కేసుల్లో శిక్ష పడేది నూటికి పదిహేనింటికే, మిగతా ఎనభై అయిదూ అబద్ధాలు కాక మరేమిటి అంటారు. ఈ మాట వీధి అరుగుల మీద మాత్రమే వినిపించేది కాదు. ఈ సెక్షన్ దుర్వినియోగమైతే అది ‘చట్టపరమైన ఉగ్రవాదం’ అవుతుందని 2005లోనే సుప్రీంకోర్టు హెచ్చరించింది. ఇరవై ఏళ్ళుగా ఆ రెండు ముక్కలూ ఊరేగుతున్నాయి. సెక్షన్‌ను కొట్టేయడానికి నిరాకరించి నిలబెట్టింది కూడా ఆ తీర్పేనన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఆ పదిహేను శాతం స్త్రీల నిజాయితీ గురించి మనకేమీ చెప్పదని, పెళ్ళయిన ఆడదానికి రాజీ తప్ప మరో దారి మిగల్చని వ్యవస్థ గురించి మాత్రం చాలా చెబుతుందని నా వాదన.

అంకె పుట్టిన చోటికే వెళ్దాం. 2014 జులైలో అర్నేష్ కుమార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కలు ఉటంకించింది. 2012లో 498ఏ కింద అరెస్టయినవారు 1,97,762 మంది, వారిలో 47,951 మంది స్త్రీలు. ఛార్జిషీటు దాఖలైన కేసులు 93.6 శాతం. శిక్ష పడినవి 15 శాతం. విచారణలో మిగిలినవి 3,72,706. ఉన్న తీరునుబట్టి వాటిలో 3,17,000 కేసులు నిర్దోషుల ఖాతాలోకే పోవచ్చని కోర్టు అంచనా కట్టింది. చర్చల్లో ఆ పదిహేనూ, ఆ మూడు లక్షలూ వినిపిస్తాయి. అదే పేరాలో ఉన్న 93.6 మాత్రం ఎప్పుడూ వినిపించదు. పోలీసులు దర్యాప్తు చేసి, సాక్ష్యం ఉందని సంతకం పెట్టి కోర్టుకు పంపిన కేసులవి. శిక్ష పడకపోవడమే అబద్ధానికి రుజువైతే, ఛార్జిషీటు పడడం సత్యానికి రుజువు కావాలి కదా. నిజానికి రెండూ రుజువులు కావు. ఛార్జిషీట్లు ఎంత యాంత్రికంగా తయారవుతాయో తెలిసినవారెవరూ ఆ 93.6ను నెత్తిన పెట్టుకోరు. అంతే జాగ్రత్త పదిహేను విషయంలోనూ చూపించమంటున్నాను. క్రిమినల్ కోర్టు నిర్దోషి అందంటే, సందేహానికి తావు లేకుండా నేరం రుజువు కాలేదని అర్థం. ఫిర్యాదు చేసినామె అబద్ధమాడిందో లేదో ఆ కోర్టు తేల్చలేదు. తేల్చాలంటే వేరే సెక్షన్లున్నాయి, వేరే విచారణ జరగాలి. దొంగతనం కేసు కొట్టేసినంత మాత్రాన ఇంటాయన తన బీరువా తానే పగలగొట్టుకున్నాడని ఎవరూ అనరు. భార్య పెట్టిన కేసు కొట్టేస్తే మాత్రం ఆ నిర్ధారణకు రావడానికి మనకు ఒక పూట కూడా పట్టదు.

ఇక ఆ కేసులు ఎలా పోతాయో చూడాలి. అసలు సంగతంతా ఇక్కడుంది. 2024 జులై దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం 498ఏ రాజీకి వీలైన నేరాల జాబితాలో లేదు. అంతమాత్రాన రాజీలు ఆగలేదు. స్తోమత ఉన్నవాళ్ళు హైకోర్టుకు వెళ్ళి, ఇద్దరమూ ఒప్పుకున్నామని చెప్పి కేసు కొట్టేయించుకుంటారు, 2003లో బి.ఎస్. జోషి కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు తెరిచింది. అంత స్తోమత లేనివాళ్ళ వ్యవహారం కింది కోర్టులోనే తెమిలిపోతుంది. పెద్దమనుషుల సమక్షంలో ఒప్పందం అయ్యాక భార్య బోనెక్కి, ఏదో మాట పట్టింపు వచ్చింది తప్ప తననెవరూ కొట్టలేదని చెబుతుంది. ఆమె తండ్రీ, అన్నా అదే చెబుతారు. ప్రాసిక్యూటరు వాళ్ళను ప్రతికూల సాక్షులుగా ప్రకటింపజేసి, నాలుగు ప్రశ్నలడిగి కూర్చుంటాడు. రుజువు లేదు గనక నిందితుడు నిర్దోషి. బ్యూరో పట్టికలో ఆ కేసు చేరేది నిర్దోషుల గడిలోనే. ఆ గడిలో ఎన్ని అబద్ధాలున్నాయో, ఎన్ని ఒప్పందాలున్నాయో పట్టిక చూసి ఎవరూ చెప్పలేరు.

ఆ కోడ్ ఉన్నంతకాలం మన దగ్గర ఇంకో దారి కూడా ఉండేది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ కోడ్‌ను సవరించి, కోర్టు అనుమతితో 498ఏ కేసుల్లో రాజీకి వీలు కల్పించింది. దరఖాస్తు పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాల్సి ఉండేది. ఈలోగా ఎవరూ మాట వెనక్కి తీసుకోకపోతేనే కోర్టు ఒప్పుకోగలిగేది. బెదిరించి సంతకం పెట్టించుకున్నారేమోనన్న అనుమానంతో పెట్టిన షరతు అది, మంచిదే. కాని అదే కోడ్‌లోని 320వ సెక్షన్ ప్రకారం రాజీ అయిన కేసులో నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. అతను చెయ్యి చేసుకున్నాడా లేదా అన్న ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు. ఇలా చట్టబద్ధంగా రాజీ అయినవాటికి బ్యూరో వేరే గడి పెట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. లోకం నోట్లో ఆ వేరే గడి లేదు. కేసు కొట్టేశారని చెప్పుకుంటారు, మగపెళ్ళివారు ఆ కాగితం చూపించి రెండో సంబంధం వెతుక్కుంటారు. లోక్ అదాలత్ జరిగిన మర్నాడు ఇన్ని వేల కేసులు పరిష్కరించామని ఘనంగా ప్రకటనలు వస్తాయి. ఒకే రాజీ ఒకచోట న్యాయవ్యవస్థ విజయంగానూ, ఇంకోచోట ఆడదాని అబద్ధానికి సాక్ష్యంగానూ చెలామణి అవుతోంది.

రాజీ పడిందంటే డబ్బు కోసమేగా అంటారు. ఏ డబ్బు? చాలా సందర్భాల్లో అది ఆమె పుట్టింటివారు ఇచ్చిన కట్నం, పెట్టిన బంగారం, లాంఛనాల పేరుతో గుంజుకున్న మొత్తం, లేదా నెలనెలా రావలసిన భరణం తాలూకు బకాయి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ చదివితే, కట్నంగా పుచ్చుకున్నది పెళ్ళయిన మూడు నెలల్లోగా వధువుకే అప్పగించాలని, అప్పగించేదాకా ఆమె తరఫున దాచిపెట్టినట్టే భావించాలని ఉంటుంది. ఆ సెక్షన్ అమలు కావడం ఏ ఊళ్ళోనైనా చూశారా? చట్టం ఆమెదన్న సొమ్మును అడగడం బేరమైంది, ఇవ్వకపోవడం మాత్రం ఎవరికీ నేరంగా తోచలేదు. పైగా కేసు నడిచే ఏళ్ళలో ఆమె ఎక్కడుంటుంది? పుట్టింట్లో వదినగారి వంటింటి మూల. పిల్లల ఫీజు ఎవరు కడతారు? భరణం మధ్యంతర దరఖాస్తును వీలైనంతవరకు అరవై రోజుల్లో తేల్చాలని చట్టంలోనే రాసుంది, వాయిదాలు మాత్రం ఏళ్ళకేళ్ళు పడుతూనే ఉంటాయి. సాక్ష్యం చెప్పవలసినవాళ్ళు ఎవరు? నాలుగు గోడల మధ్య జరిగినదానికి చూసినవాళ్ళు అత్తింటివాళ్ళే. గోడకవతల విన్న పక్కింటివాళ్ళు మొగుడూ పెళ్ళాల గొడవలో మనకెందుకని తలుపేసుకుంటారు. ఇన్ని తెలిసి ఏ వకీలు మాత్రం చివరిదాకా పోరాడమని సలహా ఇస్తాడు? రాజీయే బతుకుదెరువైనచోట రాజీ పడినామెను దోషిగా నిలబెట్టడం అన్యాయం.

ఇక్కడ 2005 గృహహింస నిరోధక చట్టం సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. 1983లో 498ఏ తెచ్చినప్పుడు కట్నం చావులు దేశాన్ని కుదిపేస్తున్నాయి గనక ప్రభుత్వం జైలు గురించి ఆలోచించింది. 1986లో కట్నం చావుకు 304బి చేర్చింది. దెబ్బలు తిన్న ఆడది చచ్చాక ఏం చెయ్యాలో, చావబోయే స్థితికి వచ్చాక ఏం చెయ్యాలో ఈ చట్టాల్లో ఉంది. బతికుండగా ఆమెకు ఏం కావాలో లేదు. కావలసింది కొట్టడం ఆగడం, తలదాచుకునే గది, నెల ఖర్చు, పిల్లలు. 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం సరిగ్గా వీటినే ఇచ్చింది. కొట్టడం ఒక్కటే కాదు, లైంగిక హింస, మాటలతో పొడవడం, చేతికి పైసా ఇవ్వకుండా మాడ్చడం కూడా హింసేనంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అక్కడ ఉండే హక్కు ఆమెకుందంది. దరఖాస్తు అందాక తొలి విచారణ మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు అరవై రోజుల్లో రావాలంది. ప్రతి జిల్లాలో రక్షణ అధికారులు ఉండి ఆమె తరఫున నివేదిక రాయాలి, వైద్యం చేయించాలి, ఆశ్రయం చూపించాలి. ఎవరినీ జైలుకు పంపే పని లేదు. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తేనే శిక్ష. కుటుంబం విచ్ఛిన్నమైపోతోందని వాపోయేవారు కోరుకోవలసిన చట్టం ఇదే.

ఆ చట్టాన్ని ఏం చేశాం? రక్షణ అధికారి కుర్చీని చాలాచోట్ల మహిళా శిశు సంక్షేమ శాఖలో అప్పటికే పది పనులున్నవారికి పదకొండో పనిగా అంటగట్టాం. ఫలానా ఆఫీసుకు వెళ్ళాలని చాలామంది ఆడవాళ్ళకు తెలియదు, వాళ్ళు మొదట వెళ్ళే పోలీస్ స్టేషన్‌లో చెప్పేవారూ తక్కువే. మూడు రోజుల మాటా, అరవై రోజుల మాటా కాగితం మీదే మిగిలాయి. చివరికి 2025 మే నెలలో సుప్రీంకోర్టు, జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణ అధికారులను గుర్తించి నియమించాలని రాష్ట్రాలకు ఆరు వారాల గడువు పెట్టవలసి వచ్చింది. చట్టం చేసిన ఇరవై ఏళ్ళకు! సివిల్ మార్గం ఇలా మూసుకుపోయినచోట, కదలిక తెచ్చే ఏకైక సాధనంగా క్రిమినల్ కేసు మిగులుతుంది. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే తప్ప బంగారం బయటికి రాదు, నెల ఖర్చు మాట ఎత్తరు. భరణం కోసం 498ఏ పెడుతున్నారని ఆరోపించేవారు ఒక నిజాన్నే పట్టుకున్నారు, కాని తోక పట్టుకున్నారు. భరణం సకాలంలో వచ్చే చోట ఆ ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది.

అబద్ధపు కేసులు వెల్లువెత్తుతున్నాయన్న మాటను ఇంకో లెక్కతో పోల్చి చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18 నుంచి 49 ఏళ్ళ వివాహితల్లో 29 శాతానికి పైగా భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పారు. తెలంగాణలో అది దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30. దేశంలో ఆ వయసు వివాహితలు ఇరవై కోట్లకు తక్కువ ఉండరు గనక, బాధితులు సుమారు ఆరు కోట్లు. 2022లో భర్త, అత్తింటివారి క్రూరత్వం కింద నమోదైన కేసులు లక్షా నలభై వేలు. ఒకటి జీవితకాలపు లెక్క, ఇంకోటి ఒక ఏడాది లెక్క కదా అనవచ్చు. సరే, చట్టం వచ్చిన నలభై ఏళ్ళూ ఏటా ఇన్నే కేసులు పడ్డాయని ఉదారంగా అనుకుందాం, మొదటి ఏళ్ళలో ఇందులో ఎన్నోవంతు కూడా లేకపోయినా. యాభై ఆరు లక్షలవుతాయి. ఆరు కోట్లలో పదోవంతు కూడా కాదు. హింసను అనుభవించినవారిలో నూటికి 77 మంది ఎవరినీ సాయం అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు కూడా. అడిగిన ఆ కొద్దిమందీ ఎక్కువగా తమవాళ్ళనే అడిగారు. పోలీసులదాకా వెళ్ళినవారు మరీ స్వల్పం. అదే సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం స్త్రీలు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటి కారణాలకు. ఇంటిగుట్టు రచ్చకెక్కకూడదని, సర్దుకుపోవాలని చిన్నప్పటినుంచి నూరిపోసిన చోట, దెబ్బ తినడమే న్యాయమని నమ్మే ఆడవాళ్ళున్న చోట, లేని దెబ్బల్ని కల్పించి కోర్టుకెక్కే ఆడవాళ్ళు గుంపులుగుంపులుగా ఉన్నారంటే నమ్మడానికి చాలా బలమైన ఆధారం కావాలి. ఇప్పటిదాకా చూపించింది ఆ పదిహేనే.

ఒక అభ్యంతరం మాత్రం న్యాయమైనది, దాన్ని తప్పించుకోను. భర్తతోపాటు ఇంటిల్లిపాదినీ, వేరే రాష్ట్రంలో ఉన్న మరిదినీ, పెళ్ళి తరవాత ఆ గడప తొక్కని ఆడపడుచునూ ఫిర్యాదులో ఇరికించడం ఉంది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో లేకుండా అందరూ కలిసి వేధించారని ఒకే మూసలో రాసిన ఫిర్యాదులు స్టేషన్లలో కుప్పలు. వాటిలో కొన్ని కక్షతో రాసినవి, మరికొన్ని రాసిపెట్టినవారి అలవాటు. ఈ దోషాన్ని కోర్టులు సరిదిద్దుతూనే ఉన్నాయి. తెలంగాణ హైకోర్టు కొట్టేయడానికి ఒప్పుకోని ఒక కేసును 2024 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు ఈ కారణంతోనే కొట్టేసింది. క్రూరత్వానికి గురైన స్త్రీ నోరు మూసుకు కూర్చోవాలని తమ ఉద్దేశం కాదని కూడా ఆ తీర్పులోనే రాసింది. ఇక ఫిర్యాదు పడగానే అందరినీ లోపలేస్తారన్న భయం పదేళ్ళనాటి ముచ్చట. అర్నేష్ కుమార్ తీర్పు తరవాత ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో ఎందుకు అరెస్టు చెయ్యాలో పోలీసు కారణాలు రాయాలి, లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలి. వైవాహిక వివాదాల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చని 2013లోనే లలితా కుమారి తీర్పు చెప్పింది. 2012లో ఆ 47,951 మంది స్త్రీలను అరెస్టు చేసింది కోడళ్ళు కాదు, బుర్ర ఉపయోగించని పోలీసులు. ఆ తప్పును పోలీసు శాఖ ఖాతాలో వెయ్యడానికి మనకెందుకో చెయ్యి రాదు.

రెండో అభ్యంతరం పురుషుల ఆత్మహత్యలు. అదే 2024 డిసెంబర్‌లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి భార్య పెట్టిన కేసుల్ని నిందిస్తూ ప్రాణం తీసుకున్నాక ఈ మాట దేశమంతా మోగింది. ఒక మనిషి చావును తేలిగ్గా తీసెయ్యడం తగదు. అయితే ఆ చావును ముందుపెట్టి వినిపించే లెక్కను మాత్రం ప్రశ్నించాలి. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు, వారిలో పురుషులు నూటికి డెబ్భై పైనే. కారణాల్లో పెద్దది ‘కుటుంబ సమస్యలు’. ఆ గంపగుత్త పేరు కింద అన్నదమ్ముల పోట్లుంటాయి, చెప్పుకోలేని ఎన్నో ఉంటాయి. భార్య అబద్ధపు కేసు అనే గడి బ్యూరో పట్టికలో ఎక్కడా లేదు. అదే ఏడాది ప్రాణాలు తీసుకున్నవారిలో గృహిణులు పాతిక వేల పైచిలుకు, కట్నం చావుల కేసులు ఆరు వేలకు పైగా. ఈ గృహిణుల కోసం ఏ నగరంలోనూ కొవ్వొత్తులు వెలగలేదు. అబద్ధపు ఫిర్యాదు చేసినవారిని, దొంగ సాక్ష్యం చెప్పినవారిని శిక్షించడానికి చట్టంలో సెక్షన్లున్నాయి. నిజంగా అబద్ధమని నమ్మే కేసుల్లో వాటిని వాడండి. వాడినప్పుడు ఎన్ని నిలబడతాయో మనందరికీ తెలుస్తుంది.

ఈ చర్చ మాటలతో పోయేదైతే ఇంత రాయనక్కర్లేదు. దుర్వినియోగం అన్న నమ్మకం చట్టాన్ని మారుస్తోంది.  498ఏ పేరు మారి 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. అనుమానం మాత్రం పేరు మారకుండా వెంట వచ్చింది. 2017లో రాజేష్ శర్మ కేసులో సుప్రీంకోర్టు కుటుంబ సంక్షేమ కమిటీలు పెట్టి, అవి నివేదిక ఇచ్చేదాకా అరెస్టు చెయ్యొద్దంది. పారా లీగల్ వాలంటీర్లు, సామాజిక కార్యకర్తలు, రిటైరైనవారు, ఉద్యోగుల భార్యలు అందులో సభ్యులు. చట్టంలో లేని వ్యవస్థను కోర్టు సృష్టించకూడదని 2018 సెప్టెంబర్‌లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వాటిని రద్దు చేసింది. 2025 జులై 22న మరో కేసులో, అలహాబాద్ హైకోర్టు 2022లో రూపొందించిన అలాంటి మార్గదర్శకాలనే సుప్రీంకోర్టు ఆమోదించింది. ఎఫ్‌ఐఆర్ పడ్డాక రెండు నెలలు అరెస్టు గాని, బలవంతపు చర్య గాని ఉండదు. ఆ వ్యవధిలో కమిటీ ఇరువైపులవారినీ పిలిచి మాట్లాడుతుంది. ఈసారీ సభ్యుల జాబితాలో సీనియర్ అధికారుల చదువుకున్న భార్యలున్నారు. భర్త ఉద్యోగం భార్యకు న్యాయవిచక్షణ తెచ్చిపెడుతుందన్న ఈ సిద్ధాంతం ఎక్కడిదో నాకు అర్థం కాదు.

రక్షణ అధికారులను నియమించమన్న ఆదేశానికీ, ఈ కమిటీల ఆదేశానికీ మధ్య ఎడం రెండు నెలలు. ఒకటి ఇరవై ఏళ్ళుగా చట్టంలో ఉన్నదాన్ని అమలు చెయ్యమంటుంది, రెండోది చట్టంలో లేనిదాన్ని తెస్తుంది. ఫిర్యాదు చేసిన ఆడది ఆ రెండు నెలలూ ఏ కప్పు కింద ఉంటుందో కమిటీ అడగవచ్చు గాని, ఆమెకు గది ఇప్పించలేదు, పిల్లల్ని తెచ్చివ్వలేదు, మళ్ళీ చెయ్యి ఎత్తొద్దని ఉత్తర్వు రాయలేదు. ఆ అధికారాలన్నీ మేజిస్ట్రేటువి, అదీ 2005 చట్టం కింద, అత్యవసరమైతే అవతలిపక్షం రాకముందే మధ్యంతర ఉత్తర్వుగా. కుటుంబాల్ని కాపాడాలనుకునేవారు జిల్లా కలెక్టరేట్‌కు వెళ్ళి అడగవలసినది ఇది: ఇక్కడ రక్షణ అధికారి ఎవరు, గత ఏడాది ఎన్ని నివేదికలు రాశారు, ఎన్ని దరఖాస్తుల్లో మొదటి విచారణ మూడు రోజుల్లో జరిగింది?